యానిమేలో రెండు జడల అమ్మాయిలు, మన స్కూలు రిబ్బన్ జడ: నా కామిక్‌లో ఎలా గీయాలి?

గంటస్తంభం గీతలు (విజయనగరం):

అందరికీ నమస్తే. డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను, విజయనగరం. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, యూట్యూబ్ చూస్తూ, యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్‌లూ సినిమాలూ) పాజ్ చేసి గీసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఒక చిన్న కామిక్ మొదలుపెట్టాను. గజపతినగరం వైపు ఒక పల్లె, అక్కడి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ నాన్న ఆటో తోలతాడు, అమ్మ చెన్నైలో పనికి వెళ్ళింది (మన జిల్లాల్లో ఇదేం కొత్త కాదు కదా), అందుకని పొద్దున్నే జడలు వేసేది నాన్నే. కథంతా జడల చుట్టూ తిరగదు గానీ ప్రతి పేజీలో ఆ పిల్ల ఉంటుంది, పిల్ల ఉంటే జడలుంటాయి.

మొదటి రెండు పేజీలు ఒక డ్రాయింగ్ గ్రూపులో పెడితే వచ్చిన కామెంట్లలో సగం "జపాన్ బొమ్మ కాపీ" అని. ఒకాయనైతే "పాపకి కుక్కపిల్ల చెవులు ఎందుకు పెట్టారు" అని అడిగాడు. చెవులు కాదు బాబూ, మడిచి రిబ్బన్‌తో కట్టిన జడలు! మన ఊళ్ళో ఏ స్కూలు గేటు దగ్గర నిలబడినా అవే కనిపిస్తాయి. ఆయన ఏ ఊరో మరి.

నేను చూసిన యానిమే మరీ ఎక్కువేం కాదు. చిన్నప్పుడు టీవీలో డోరేమాన్, తర్వాత నరుటో, డెత్ నోట్, డీమన్ స్లేయర్, ఘిబ్లీ సినిమాలు కొన్ని. రెండు జడలో రెండు పిలకలో ఉన్న అమ్మాయి లేని సిరీస్ వెతకాలంటేనే కష్టం. డోరేమాన్‌లో షిజుకాకి రెండు చిన్న పిలకలు, నరుటోలో సునాడేకి వెనక రెండు వదులు పాయలు, అందులోనే తెమారికైతే ఏకంగా నాలుగు పిలకలు, డెత్ నోట్‌లో మిసా పైన రెండు చిన్న కుచ్చులు కట్టి మిగతా జుట్టు వదిలేస్తుంది. ఇవన్నీ ఊరికే అందం కోసం పెట్టారా, లేక "ఈ పిల్ల ఇలాంటిది" అని చూసేవాళ్ళకి ముందే చెప్పడానికి ఏదైనా లెక్క ఉందా? ఆ లెక్క తెలియకుండా గీసేస్తే నేను అనుకోని అర్థమేదో జనానికి అందుతుందేమోనని టెన్షన్.

ఇంకో చిక్కు. నా కథలో ఆ జడలు హీరోయిన్‌కి ఒక్కదానికే కాదు, క్లాసంతా అవే జడలు, అదే రిబ్బన్. గుంపులో మా పిల్లని ఎలా గుర్తుపట్టించాలి? జుట్టు రంగు మార్చేస్తే తేలిగ్గా అయిపోతుంది, కానీ అప్పుడది మన స్కూలు కాదు. యానిమే తెలిసినవాళ్ళూ, జడలు వేయడం తెలిసినవాళ్ళూ ఇద్దరూ చెప్పండి. "జుట్టు వదిలేసి గీసేయ్" అని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఆ సలహా ఇప్పటికే కావలసినంత అందింది.


పలాస ఒటాకు:

అక్కా, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎప్పట్నుంచో కాచుకుని కూర్చున్నాను, కొంచెం పెద్దగానే రాస్తాను, ఏమీ అనుకోకు.

రెండు విషయాలు చూడాలి. జుట్టు ఎంత ఎత్తులో కట్టారు, కట్టాక అల్లారా వదిలేశారా. తల పైన రెండు వైపులా ఎత్తుగా కట్టి కిందకి వదిలేస్తే అది ట్విన్‌టెయిల్, యానిమే అనగానే జనానికి గుర్తొచ్చేది అదే. అందులో మహారాణి సైలర్ మూన్ ఉసాగి. నవోకో తకెయుచి గీసిన మాంగా (జపాన్ కామిక్) 1991 చివర్లో మొదలైంది, 1992లో యానిమే వచ్చింది. ఆ పిల్లకి రెండు వైపులా రెండు ఉండలు చుట్టి, వాటిలోంచి కాళ్ళ దాకా రెండు తోకలు. కథలో హీరో మామోరు ఆమెని ఏడిపించేది కూడా ఆ జుట్టుతోనే, ఒదాంగో అని పిలుస్తాడు, దాంగో అంటే మన ఉండ్రాళ్ళలాంటి బియ్యప్పిండి ఉండలు. తర్వాత గులాబీ రంగు జుట్టుతో చిబిఊసా అని చిన్నపిల్ల వస్తుంది, ఆ పిల్లకీ అదే స్టైల్, ఉండలు మాత్రం కొనదేలి ఉంటాయి. వాళ్ళిద్దరికీ ఏదో చుట్టరికం ఉందని కథ చెప్పకముందే జుట్టు చెప్పేస్తుంది. (ఉసాగి సైలర్ మూన్ అనే వీరనారిగా మారినా ఆ జుట్టు అలాగే ఉంటుంది, అయినా ఆమెని ఎవరూ గుర్తుపట్టరు. దీని గురించి మా ఫ్రెండ్స్‌తో చాలా గొడవలు అయ్యాయి.)

తర్వాత హట్సునే మికు. ఇది యానిమే క్యారెక్టర్ కాదు, పాటలు పాడించే సాఫ్ట్‌వేర్, సప్పోరోలో ఉన్న క్రిప్టన్ అనే కంపెనీ 2007 ఆగస్టు 31న విడుదల చేసింది, బొమ్మ గీసినాయన పేరు కేఇ. ఆ నీలి ఆకుపచ్చ రంగు తోకలు రెండూ ఆమె ఎత్తంత ఉంటాయి. మొహం తీసేసి నీడ మాత్రం చూపించినా మికు అని చెప్పేయొచ్చు. జపాన్ వాళ్ళకి ఇది ఎంత పిచ్చంటే ఫిబ్రవరి 2ని ట్విన్‌టెయిల్ దినం అని పెట్టుకున్నారు. ట్విన్‌టెయిల్స్ అంటే ప్రాణం పెట్టే కుర్రాడు తనే ట్విన్‌టెయిల్స్ ఉన్న అమ్మాయిగా మారి లోకాన్ని కాపాడే యానిమే కూడా 2014లో వచ్చింది. నేను మొత్తం చూశాను. ఎవరికీ రికమెండ్ చేయను.

ఇక నీ అసలు ప్రశ్న, లెక్క ఉందా అని. ఉంది. ఎత్తుగా కట్టిన ట్విన్‌టెయిల్స్ అంటే త్సున్‌దెరె, అంటే పైకి కస్సుబుస్సులాడుతూ లోపల ప్రేమ దాచుకునే పిల్ల. ఫేట్ స్టే నైట్‌లో రిన్ తోసాకా, లక్కీ స్టార్‌లో కగామి, ఇలా లిస్టు తీస్తే తెల్లారిపోతుంది. బ్లీచ్‌లో హియోరి అయితే ప్రేమా గీమా పక్కన పెట్టి చెప్పుతోనే మాట్లాడుతుంది. కాబట్టి మీ హీరోయిన్‌కి కోపం ఎక్కువైతే జడలు కాస్త పైకి జరిపి కట్టు, శాంతమ్మ అయితే కిందకి దించు. సింపుల్.


వంశధార ఒడ్డు (శ్రీకాకుళం):

తమ్ముడూ, లిస్టు బాగుంది గానీ చివర్లో ఆ "సింపుల్" దగ్గర నేను ఒప్పుకోను. కోపిష్టి పిల్లలకి ట్విన్‌టెయిల్స్ పెట్టడం 2000 తర్వాత బాగా అలవాటైన మాట నిజమే. కానీ ఉసాగి ఏ కోణంలో త్సున్‌దెరె? ఏడుపుగొట్టుది, తిండిపోతు, అందర్నీ నమ్మేస్తుంది. కే-ఆన్‌లో అజూసా? క్లబ్బులో అందరికంటే బుద్ధిగా ప్రాక్టీసు చేద్దామనే పిల్ల. మదోకా మేజికా సిరీస్‌లో మదోకాకి రెండు చిన్న పిలకలు, ఎర్ర రిబ్బన్లు. అవి మరీ కొట్టొచ్చినట్టు ఉన్నాయేమో అని తను మొదటి ఎపిసోడ్‌లోనే మొహమాటపడితే బాగున్నాయని ధైర్యం చెప్పేది వాళ్ళమ్మ. అంత మెత్తటి పిల్ల.

ఒక స్టైల్‌కి ఒకే స్వభావం అని పట్టుకుంటే బొమ్మలు అచ్చు పోసినట్టు తయారవుతాయి. నాకు తెలిసి అసలు సంగతి జడ ఎలా ఉందన్న దానిలో కంటే, ఆ జడ ఎప్పుడు మారింది అన్న దానిలో ఉంది. మంచి కథలు రాసినవాళ్ళు అక్కడే వాడుకున్నారు.

మదోకా మేజికా 2011లో వచ్చింది, పన్నెండే ఎపిసోడ్లు. అందులో హోమురా మొదట్నుంచీ పొడుగు నల్లజుట్టు వదిలేసి, బిగుసుకుపోయిన మొహంతో తిరుగుతుంది. పదో ఎపిసోడ్‌లో వెనకటి కథ చూపిస్తారు. అక్కడ అదే పిల్లకి రెండు జడలు, కళ్ళద్దాలు, క్లాసులో నిలబడి పేరు చెప్పడానికే వణికిపోతుంది. ఎన్నిసార్లు కాలం వెనక్కి తిప్పినా స్నేహితురాలిని కాపాడుకోలేక, ఒక దశలో కళ్ళద్దాలు తీసేసి జడలు విప్పేస్తుంది. ఆ తర్వాత ఆ సిరీస్‌లో ఆ జడలు వేయదు. ఎందుకు మారిపోయిందో విడమరిచి చెప్పక్కర్లేదు, మనకి తెలిసిపోతుంది అంతే. ఇది మొదటిసారి చూసినవాళ్ళు మళ్ళీ మొదటి ఎపిసోడ్‌కి వెళ్ళి చూడాల్సిందే.

1986 నాటి లాపుటా సినిమాలో షీటాకి రెండు జడలు. చివర్లో విలన్ ముస్కా తుపాకీతో ఆ జడలు రెండూ ఎగరగొట్టేస్తాడు. ఆ పిల్ల కదలకుండా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. చిన్నపిల్ల అనుకుని సినిమా అంతా చూస్తాం, ఆ సీను తర్వాత అలా చూడలేం. డ్రాగన్ బాల్‌లో వీడెల్ మొదట రెండు పిలకలతో ఉంటుంది, పొట్టి జుట్టయితే బాగుంటుందేమో అంటాడు గోహాన్. నీకు పొట్టి జుట్టు అమ్మాయిలు ఇష్టమా అని ఆమె మొహం ఎర్రబడుతుంది, వీడేమో పోటీలో ఎదుటివాళ్ళు జుట్టు పట్టుకుంటారు కదా అంటాడు, మొద్దబ్బాయి. మర్నాడు కత్తిరించుకుని వచ్చేస్తుంది.

1979లో తకాహతా తీసిన రెడ్ హెయిర్డ్ ఆన్ చూడండి వీలైతే, యాభై ఎపిసోడ్లు, కెనడా నవల ఆధారంగా. ఎర్ర జుట్టు, రెండు జడలు. గిల్బర్ట్ ఆ జడ పట్టుకుని క్యారెట్ అని వెక్కిరిస్తే ఆన్ పలక తీసి వాడి నెత్తి మీద పగలగొడుతుంది. క్లాసులో వెనక బెంచీవాడు జడ లాగడం అనేది ఏ దేశంలో అయినా ఉన్నట్టుంది, మీ కథలో అది పెట్టినా ఎవరూ జపాన్ కాపీ అనరు.

ఒక మాట మాత్రం పక్కన చెప్పాలి. కొన్ని సిరీస్‌లలో పెద్దావిడకి కూడా రెండు జడలు వేసి చిన్నపిల్లలా ముద్దుగా చూపిస్తారు, అది నాకు నచ్చదు. సునాడే సంగతి వేరు, యాభై దాటిన మనిషి వయసు కనిపించకుండా విద్యతో దాచుకుంటుంది, ఆ జడలు కూడా ఆ దాపరికంలో భాగమే అనిపిస్తుంది. మీ పాత్ర తొమ్మిదో తరగతి పిల్ల, పిల్లలాగే గీయండి, ఆ పోజులూ ఆ కన్నుగీటడాలూ తెచ్చి పెట్టకండి. "జపాన్ కాపీ" అన్నవాళ్ళు జడల్ని చూసి కాకుండా కళ్ళనీ పోజునీ చూసి అని ఉంటారేమో, ఒకసారి చూసుకోండి.


పలాస ఒటాకు:

హోమురా పాయింట్ ఒప్పుకుంటున్నాను అక్కా. కానీ రిన్ తోసాకా విషయంలో తగ్గేది లేదు.


బొబ్బిలి నుంచి భాగ్యనగరం:

నాది బొబ్బిలి, హైదరాబాద్‌లో యానిమేషన్ పని. పైన ఇద్దరూ కథ వైపు నుంచి చెప్పారు, నేను పని వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఇన్ని జడలు ఉండడానికి సగం కారణం అక్కడే ఉంది.

మాంగా నలుపు తెలుపులో అచ్చవుతుంది. వారపత్రికకి గీసేవాళ్ళు వారం తిరిగేసరికి దాదాపు 20 పేజీలు ఇవ్వాలి. మొహాలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో ఉంటాయి, పెద్ద కళ్ళు, చిన్న ముక్కు. అమ్మాయిలందరికీ గుండు గీస్తే ఎవరు ఎవరో గీసినవాడికే తెలియదు. అందుకే మనిషిని గుర్తుపట్టించే భారం అంతా జుట్టు మీద వేస్తారు. మేం కొత్త పాత్ర డిజైన్ చేసినప్పుడు మొదట చేసే పని, బొమ్మ మొత్తం నల్లగా నింపేసి దూరం నుంచి చూడడం. ఆ నల్లటి ఆకారం చూసి ఎవరో చెప్పగలిగితే డిజైన్ పాస్. తలకి రెండు వైపులా ఏదైనా బయటికి పొడుచుకు వస్తే ఈ పరీక్ష తేలిగ్గా దాటేస్తుంది. అమ్మాయే కానక్కర్లేదు, ఆస్ట్రో బాయ్‌ని చూడండి, తల మీద రెండు కొమ్ముల్లాంటి జుట్టు, ఎటు తిరిగినా రెండూ కనిపించేలా గీశాడు తెజుకా. నిజంగా అలా కుదరదు. కానీ కళ్ళు ఒప్పుకుంటాయి. మీరు కూడా పక్క నుంచి చూపించే బొమ్మల్లో అవతలి జడ కొస కాస్త కనిపించనివ్వండి, లేకపోతే ఒంటి జడ అనుకుంటారు.

రెండోది కదలిక. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ యానిమేలో చాలాచోట్ల ఒక్కో బొమ్మని మూడు ఫ్రేముల పాటు అలాగే ఉంచుతారు, అంటే సెకనుకి 8 బొమ్మలే. 1963లో ఆస్ట్రో బాయ్ టీవీలో వచ్చిన కాలం నుంచి ఖర్చు తగ్గించుకోవడానికి ఇలాంటి పద్ధతులు అలవాటయ్యాయి. మనిషి కదలకుండా నిలబడి ఉన్నా, రెండు తోకల్ని మాత్రం గాలికి అటూ ఇటూ ఆడిస్తే బొమ్మకి ప్రాణం వచ్చినట్టుంటుంది. పిల్ల గిర్రున తిరిగితే ముందు తల తిరుగుతుంది, తోకలు కాస్త ఆలస్యంగా వెంట వస్తాయి, ఆగాక కూడా అవి ఇంకొంచెం ముందుకు వెళ్ళి వెనక్కి వస్తాయి. ఆ ఆలస్యంలోనే బరువు తెలుస్తుంది.

కానీ అల్లిన జడ వేరు. వదిలేసిన తోకకి నాలుగు గీతలు చాలు, జడ అయితే ప్రతి బొమ్మలో ఆ పాయలన్నీ గీయాలి, ఒక పాయ అటూ ఇటూ అయితే స్క్రీన్ మీద జడ పాకుతున్నట్టు కనిపిస్తుంది. నా జూనియర్లు జడ సీను ఇస్తే మొహం మాడ్చుకుంటారు. డీమన్ స్లేయర్‌లో మిత్సురికి మూడు జడలు, అది కూడా సగం నుంచి రంగు మారే జుట్టు, దాన్ని గీసినవాళ్ళకి దండం పెట్టాలి. మీరు చేసేది కామిక్ కాబట్టి బతికిపోయారు. క్లోజప్‌లో పాయలు వివరంగా గీయండి, దూరం బొమ్మల్లో అంచుకి నొక్కులు ఇస్తే చాలు, లోపల గీతలు వద్దు.

ఇక మడత జడ. ఇది నాకు చాలా ఆసక్తిగా ఉంది, ఎందుకంటే యానిమేలో దీనికి తయారుగా ఉన్న ఫార్ములా లేదు. మడిచి కట్టిన జడ గాలికి ఎగరదు. పిల్ల పరిగెడితే పైకీ కిందకీ గెంతుతుంది, పక్కకి ఊగదు. మీ పేజీల్లో ఒకవేళ అది వెనక్కి ఎగురుతున్నట్టు గీసి ఉంటే చెవులు అనుకోవడంలో ఆయన తప్పు లేదు. మడతకీ మెడకీ మధ్య ఖాళీ వదిలి, ఆ ఖాళీలోంచి వెనక ఉన్న గోడో చెట్టో కనిపించేలా గీయండి. చెవి నిండుగా ఉంటుంది, జడ మడతలో సందు ఉంటుంది. ఆ సందు కనిపించిందంటే ఇంకెవరూ కుక్కపిల్ల అనరు.

గుంపులో గుర్తుపట్టడం గురించి ఒక్క మాట. జపాన్ కథల్లో క్లాసులో అందరికీ ఒకే యూనిఫాం, జుట్టు మాత్రం తలకొకటి. మనకి యూనిఫాంతో పాటు జుట్టు కూడా యూనిఫామే. వాళ్ళ ఫార్ములా మీకు పనికిరానిది అక్కడే.


వంశధార ఒడ్డు (శ్రీకాకుళం):

బొబ్బిలి అన్నయ్య గారి చివరి మాటకి చిన్న చేర్పు. నిజం జపాన్ స్కూళ్ళలో కూడా జుట్టు మీద బోలెడు రూల్స్ ఉండేవి. పుట్టుకతో గోధుమరంగు జుట్టున్న పిల్లల చేత కూడా నల్లరంగు వేయించిన స్కూళ్ళున్నాయి, 2017లో ఒసాకాలో ఒక విద్యార్థిని దీని మీదే కేసు వేసింది. టోక్యో ప్రభుత్వ హైస్కూళ్ళలో ఇలాంటి రూల్స్ కొన్ని 2022 ఏప్రిల్ నుంచి తీసేశారు. మాంగాలో కనిపించే ఆ గులాబీ తోకలూ నీలం జడలూ అక్కడి పిల్లలకి కూడా కలే అన్నమాట. నల్ల జుట్టు, ఒకే రకం జడలతో క్లాసంతా గీస్తే మీ కామిక్ వాళ్ళ కామిక్స్ కంటే వాళ్ళ స్కూళ్ళకే దగ్గరగా ఉంటుంది, విచిత్రంగా.


రాజాం టీచరమ్మ:

ఈ మికు, రిన్ ఎవరో నాకు తెలియదు గానీ, టొటొరో సినిమా మాత్రం మా పిల్లలతో కలిసి చూశాను. అందులో చిన్నది మెయ్, రెండు పిలకలు. ఆసుపత్రిలో ఉన్న అమ్మ పెద్దపిల్ల తల దువ్వుతూ ఉంటే నాకూ అని చిన్నది గొడవ చేస్తుంది చూడండి, ఆ సీను రాసినవాళ్ళకి ఇంట్లో ఆడపిల్లలున్నారేమో అనుకున్నాను. అమ్మ ఇంట్లో లేకపోతే పిల్లలకి మొదట లోటు తెలిసేది తల దగ్గరే. మీ కథలో తండ్రి జడ వేస్తాడన్నారు కాబట్టి చెప్తున్నాను.

నేను హైస్కూల్లో పనిచేస్తాను, రోజూ ఉదయం ప్రేయర్‌లో చూసేది ఈ జడలనే. అందరివీ ఒకలాగే ఉంటాయి అన్నారే, అలా ఉండవమ్మా. ఒక్క వారం చూస్తే ఎవరింట్లో ఎవరు జడ వేశారో చెప్పేయొచ్చు. అమ్మ వేసిన జడ బిగుతుగా ఉంటుంది, కనుబొమలు పైకి లాగినట్టుంటాయి, కొబ్బరినూనె నుదుటి మీదకి దిగుతుంది. అమ్మమ్మ వేస్తే నూనె ఇంకా ఎక్కువ, పైగా ఓ చేమంతి పువ్వు. హాస్టల్ పిల్లలు వరసగా ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందున్న పిల్లకి వెనకున్న పిల్ల వేస్తుంది, అందరికంటే చివర కూర్చున్న పిల్లకి వేసేవాళ్ళుండరు, ఆ పిల్ల తనే వేసుకుంటుంది. సొంతంగా వేసుకున్న జడ ముందుకి వాలి ఉంటుంది, చేతులు వెనక్కి అంతే అందుతాయి కదా.

నాన్న వేసిన జడ ఎలా ఉంటుందంటే, మూడు పాయలు అల్లడం మగవాళ్ళకి తొందరగానే వచ్చేస్తుంది, పాపిటే రాదు. నడినెత్తి దాకా తిన్నగా వచ్చి వెనక మెడ దగ్గరికి వచ్చేసరికి ఒక పక్కకి పోతుంది. దాంతో ఒక జడ లావు, ఒకటి సన్నం. పిల్లకి నొప్పెడుతుందేమో అని గట్టిగా లాగడు, మొదట్లో వదులుగా ఉంటుంది. రెండో పీరియడ్‌కల్లా చెవి దగ్గర వెంట్రుకలు బయటికి వచ్చేస్తాయి, సన్నజడ మడత ముందు జారుతుంది. బో ముడి అసలు రాదు, గట్టి ముడి వేసేస్తాడు, సాయంత్రం విప్పలేక పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

రిబ్బన్ గీసేటప్పుడు కూడా చూడండి. రిబ్బన్ పైనుంచి కట్టేది కాదు. సగం జడ అయ్యాక పాయల్లో కలిపి అల్లుకుంటూ కింద దాకా తీసుకెళ్ళి, అక్కడ ముడి వేసి, జడని పైకి మడిచి, మిగిలిన రిబ్బన్ కొసలతో మొదట్లో కడతారు. అంటే మడతలో ఒక వైపు జుట్టు ఒక్కటే, ఇంకో వైపు జుట్టూ రిబ్బనూ కలిసి ఉంటాయి. మీరు మడత అంతా ఒకేలా గీశారేమో. కొత్త రిబ్బన్ నిలబడి ఉంటుంది, జూలైలో వానలు పట్టాక వేలాడిపోతుంది. బాగా ఉతికి తడి మీద కిటికీ ఊచకి చుట్టి ఆరబెడితే ఇస్త్రీ అక్కర్లేకుండా తిన్నగా వస్తుంది, ఆ పని చేసే పిల్లలు క్లాసులో నలుగురుంటారు, వాళ్ళ నోట్‌బుక్స్ కూడా అంతే నీటుగా ఉంటాయి.

పేలు కూడా పెట్టండి కథలో. పేలు లేని స్కూలు కథ నేను నమ్మను.


గంటస్తంభం గీతలు (విజయనగరం):

టీచరమ్మా, మీ రిప్లై ప్రింట్ తీసి టేబుల్ ముందు అతికించుకున్నాను. మడతలో రెండు వైపులూ ఒకేలా గీస్తున్నాననే సంగతి మీరు చెప్పాక మా చెల్లి పాత ఫొటో తీసి చూస్తే అర్థమైంది. హాస్టల్ వరసలో చివరి పిల్ల ఎవరో నాకు తెలిసిపోయింది, హీరోయిన్ ఫ్రెండ్ ఇంతవరకు దొరకక ఇబ్బంది పడుతున్నాను.

ఇలా అనుకుంటున్నాను. క్లాసులో అందరికీ ఒకే జడలు, ఒకే రిబ్బన్, తగ్గేది లేదు. మా పిల్లకి ఎడమ జడ లావు, కుడి జడ సన్నం, కుడి మడత ఎప్పుడూ జారి ఉంటుంది. బొబ్బిలి అన్నయ్య చెప్పిన నల్లగా నింపే పరీక్ష చేశాను, ఆ ఒక్క జారిన మడతతోనే పదిమందిలో దొరికిపోతోంది! వంశధార అక్క చెప్పిన "జడ ఎప్పుడు మారింది" అన్నదానికి కూడా చోటు దొరికింది. సంక్రాంతికి అమ్మ ఊరికి వస్తుంది, ఆ నాలుగు రోజులూ జడలు రెండూ సమానంగా, బిగుతుగా ఉంటాయి. సెలవులయ్యాక స్కూలు తెరిచిన రోజు మళ్ళీ ఒకటి లావు, ఒకటి సన్నం. అమ్మ వెళ్ళిపోయిందని ఎక్కడా డైలాగ్ రాయను.

పలాస తమ్ముడూ, పిల్లకి కోపం ఉంది. కానీ జడలు పైకి జరపను. వెనక బెంచీవాడి నెత్తి మీద మాత్రం ఏదో ఒకటి పగులుతుంది.

ఒక్కటే మిగిలింది. పుస్తకం ప్రింట్ చేయించే డబ్బు లేదు, జిరాక్స్ తీయించి కుట్టి ఇద్దామనుకుంటున్నాను. రిబ్బన్ ఎర్రది అనుకుని ఎర్ర స్కెచ్ వాడాను, జిరాక్స్‌లో జుట్టూ రిబ్బనూ కలిసి ఒకే నల్లటి ముద్ద అయిపోయింది. ఏం చేయాలి?


బొబ్బిలి నుంచి భాగ్యనగరం:

ఎరుపు ఆ మెషిన్లలో నల్లగానే పడుతుంది, దాన్ని మార్చలేం. జుట్టు ఇండియన్ ఇంక్‌తో నల్లగా నింపి, రిబ్బన్‌ని తెల్లకాగితం తెల్లగానే వదిలేయండి, మాంగాలో చాలామంది చేసేది అదే. నింపేటప్పుడు రిబ్బన్ అంచు నుంచి సన్నటి తెల్లగీత వదిలితే జిరాక్స్‌లో అతుక్కోదు. బూడిద రంగు షేడింగ్ జోలికి వెళ్ళకండి, జిరాక్స్‌లో మచ్చలు మచ్చలుగా వస్తుంది. సంక్రాంతి పేజీల పెన్సిల్ స్కెచ్ ఇక్కడ పెట్టండి, ఇంక్ చేసే ముందు చూస్తాను.


రాజాం టీచరమ్మ:

తెల్ల రిబ్బన్ అయితే శనివారం అని గుర్తుంచుకోమ్మా. మా స్కూల్లో శనివారం తెల్ల డ్రెస్, తెల్ల రిబ్బన్, మిగతా రోజులు ఎరుపే. వారమంతా తెల్ల రిబ్బన్ గీస్తే మా పిల్లలు మొదటి పేజీలోనే తప్పు పట్టేస్తారు.


పలాస ఒటాకు:

అక్కా, కథంతా శనివారాలే జరిగేలా రాసెయ్. ఆదివారం సెలవు కూడా దగ్గరగా ఉంటుంది.


గంటస్తంభం గీతలు (విజయనగరం):

నవ్వకండి గానీ అదే చేస్తున్నాను. స్కూలు సీన్లన్నీ శనివారం, ఇంటి దగ్గర సీన్లకి రిబ్బన్ ఉండదు కాబట్టి గొడవే లేదు. సంక్రాంతి తర్వాత స్కూలు తెరిచే రోజు ఏ వారం పడుతుందో క్యాలెండర్ చూడాలి.